మెక్సికో చమురు పరిహారం: అమెరికా కంపెనీలు అంత తక్కువకి ఎందుకు ఒప్పుకున్నాయి?

గోదారి_గట్టు:
1938 మార్చి 18న అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ విదేశీ చమురు కంపెనీల ఆస్తుల్ని జాతీయం చేసిన సంగతి చదివాను, జీతాల గొడవలో సుప్రీంకోర్టు తీర్పుని కూడా కంపెనీలు ఖాతరు చేయకపోవడంతోనే అంతదాకా వచ్చిందని తెలుసు. ఆ తర్వాతదే అర్థం కావట్లేదు. వాటిలో ఒకటైన అమెరికా కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ అంత పట్టుబట్టి, చివరికి మరికొన్ని అమెరికా కంపెనీలతో కలిపి సుమారు 24 మిలియన్ డాలర్లతో ఎలా సరిపెట్టుకుంది? సొంత ప్రభుత్వమే వాళ్లని వదిలేసిందా?

పాత_పటం:
వదిలేసింది అనను గానీ, కంపెనీ కోసం పొరుగు దేశాన్ని పోగొట్టుకోకూడదని అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ అనుకున్నది నిజం. అసలు పేచీ దేనికి వెల కట్టాలన్నదాని మీద. భూమిలో ఇంకా తియ్యని చమురుకి కూడా లెక్క కట్టమని కంపెనీలు, 1917 రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం అది జాతిది కాబట్టి బావులకీ పైపులకీ రిఫైనరీలకీ మాత్రమే ఇస్తామని మెక్సికో. ఈలోగా 1940లో సింక్లెయిర్ అనే అమెరికా కంపెనీ విడిగా మాట్లాడుకుని 8.5 మిలియన్లకి రాజీ పడేసరికి మిగతావాళ్ల పట్టు సడలింది. 1941 నవంబరు 19న రెండు ప్రభుత్వాలూ చెరొక నిపుణుణ్ణి పెట్టుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి, అప్పటికి జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసి అమెరికాని యుద్ధంలోకి లాగడానికి మూడు వారాలు కూడా లేదు. అమెరికా తరఫున మోరిస్ కుక్, మెక్సికో తరఫున మాన్యుయెల్ సెవాదా కలిసి 1942 ఏప్రిల్‌లో తేల్చిన అంకే మీరు చెప్పింది. స్టాండర్డ్ ఆయిల్‌కి నచ్చలేదు, అయినా 1943లో ఒప్పుకుంది. అమెరికా విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ "సత్వరం, తగినంత, చెల్లుబాటయ్యేలా" చెల్లించాలని పట్టుబట్టాడు కదా, ఆ "సత్వరం" కాస్తా 1947 దాకా సాగింది.

విశాఖ_తీరం:
చిన్న సవరణ అండీ. 1938లో హల్ ఆ మాటలు రాసింది అమెరికన్ల దగ్గర తీసుకున్న సాగుభూముల గురించి, చమురుకి తర్వాత వర్తింపజేశారు.

ఇంకొకటి, బ్రిటన్ సంగతి చూడండి. మెక్సికోలో అన్నిటికన్నా పెద్ద చమురు కంపెనీ షెల్ చేతిలోని ఎల్ అగిలా, దానికోసం బ్రిటన్ ప్రభుత్వం ఘాటైన దౌత్య లేఖలు పంపేసరికి 1938 మేలోనే రెండు దేశాల దౌత్య సంబంధాలు తెగిపోయాయి, మళ్లీ కలిసింది 1941లో. పరిహారం ఒప్పందం 1947లో, అసలు 81.25 మిలియన్ డాలర్లు, వడ్డీతో కలిపి ఆఖరి వాయిదా తీరింది 1962లో! మొత్తం పెద్దదే, కానీ ఇరవై నాలుగేళ్లు పట్టింది. మా వైజాగ్ రిఫైనరీ అమెరికా కంపెనీ కాల్టెక్స్‌ది, 1976లో మన ప్రభుత్వం తీసుకుంది, ఆ కంపెనీని 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపారు. దానికోసం మనం ఎవరితోనూ సంబంధాలు తెంచుకోవలసిన అవసరం రాలేదు.

గోదారి_గట్టు:
చాలా థాంక్స్ ఇద్దరికీ. పరిహారం కట్టడానికి మెక్సికో సిటీలో ఆడవాళ్లు నగలూ కోళ్లూ తెచ్చి బెయాస్ ఆర్తెస్ అనే కళాభవనం దగ్గర క్యూ కట్టారని చదివినప్పుడు కళ్లు చెమ్మగిల్లాయి, ఆ డబ్బుతో అప్పు తీరిందా?

పాత_పటం:
తీరలేదండీ, బాకీ ముందు అది చాలా చిన్న మొత్తం. కానీ జనం తన వెనకే ఉన్నారని కార్దెనాస్‌కి తెలిసింది, బయటివాళ్లకీ తెలిసింది. కంపెనీలు మెక్సికో చమురుని ఎవరూ కొనకుండా అడ్డుపడితే జర్మనీకీ ఇటలీకీ అమ్మవలసి వచ్చింది, వాషింగ్టన్‌ని తొందరపెట్టింది ఎక్కువగా ఆ అమ్మకాలే అని నా నమ్మకం.