కోజుమెల్‌లో ఓడ దిగి సొంతంగా తులుమ్ వెళ్లి రావడం గురించి

జనవరి రెండవ వారంలో టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే క్రూయిజ్‌లో మేము నలుగురం వెళ్తున్నాము, అందులో ఇద్దరు అరవై దాటినవారు. మెక్సికోలోని కోజుమెల్ ద్వీపంలో ఓడ ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు ఆగుతుంది, 4:30 కల్లా తిరిగి ఎక్కాలి. ఓడవారి తులుమ్ యాత్రలో సీట్లు అయిపోయాయి కనుక, ఫెర్రీలో సుమారు 45 నిమిషాలు ప్రయాణించి అవతలి ఒడ్డున ఉన్న ప్లాయా దెల్ కార్మెన్ పట్టణం చేరి, అక్కడి నుంచి 60 కిలోమీటర్లకు పైగా దూరంలో తులుమ్‌లో ఉన్న ప్రాచీన మాయా నాగరికత శిథిలాలను టాక్సీలో చూసి రావాలని అనుకుంటున్నాము.

చిక్కంతా గడియారంతోనే. కోజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తున్నందున, చలికాలంలో టెక్సస్ కంటే గంట ముందుంటుంది. ఇంతకుముందు ఒక జనవరిలో అదే రేవు మీద నా ఫోన్ 9:10 చూపిస్తుంటే చేతి గడియారం 8:10 దగ్గరే ఉంది; ఆ రోజు ఊరు దాటలేదు కాబట్టి సరిపోయింది.

ఫెర్రీ వేళలు స్థానిక సమయంలో ఉన్నాయి. ఓడ వేళలు ఏ సమయమో టికెట్టులో లేదు. సంస్థకు రెండుసార్లు ఫోన్ చేస్తే "ఓడ సమయం పాటించండి" అన్నారే తప్ప, ఆ రోజు గడియారాలు మారుస్తారో లేదో చెప్పలేదు. రెండు విధాలా లెక్క వేసి చూశాను. పొరపాటు పడితే తిరుగు ఫెర్రీ విషయంలో ఏకంగా గంట తేడా వస్తోంది.

చలికాలంలో గాల్వెస్టన్ ఓడలో వచ్చి, సొంతంగా తులుమ్ చూసి వేళకు ఓడెక్కినవారు, ప్లాయా నుంచి స్థానిక సమయం ప్రకారం ఎన్ని గంటల ఫెర్రీలో తిరిగి వచ్చారు?