టింబలాండ్ బీట్లలో ఆయనది ఎంత, పక్కవాళ్ళది ఎంత?

విశాఖ_బీట్స్:
మొన్న ఆదివారం స్నేహితులం కూర్చున్నప్పుడు టింబలాండ్ పేరు వచ్చింది. ఒకడు వెంటనే, "ఊళ్ళవాళ్ళ ట్యూన్లు ఏరుకొచ్చి తన పేరు వేసుకున్నవాడికి అంత పొగడ్త దేనికి?" అన్నాడు. రెండు గంటలు వాదించుకున్నా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. నా మాట ముందే చెప్పేస్తా: పాప్, హిప్ హాప్ పాటల నడకనే మార్చిన ప్రొడ్యూసర్లలో (అంటే పాటకి బీటు, మోత కట్టేవాళ్ళలో) ఆయన ముందు వరుసవాడు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం. అసలు పేరు టిమోతీ మోస్లీ. 1972లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, నార్‌ఫోక్‌లో పుట్టాడు. టీనేజ్‌లో పనిచేసే చోట పొరపాటున తుపాకీ పేలి గాయపడ్డాడు. పాక్షిక పక్షవాతంతో నెలల తరబడి బాధపడుతూనే ఎడమ చేత్తో డీజేయింగ్ నేర్చుకున్నాడు. 1996లో గాయని ఆలియా 'వన్ ఇన్ ఎ మిలియన్'కి, మరుసటి ఏడాది రాపర్ మిస్సీ ఎలియట్ మొదటి ఆల్బమ్‌కి పనిచేశాడు. ఆ రెండింటి తర్వాత అమెరికా రేడియోలో డ్రమ్స్ మోగే తీరే వేరు.

1998లో ఆలియా పాడిన 'ఆర్ యూ దట్ సంబడీ'ని నేను సాఫ్ట్‌వేర్‌లో వేసుకుని, దెబ్బ దెబ్బకీ గుర్తు పెట్టుకుంటూ చూశాను. కిక్ డ్రమ్ (కింద దిమ్మని మోగే దెబ్బ) పడాల్సిన చోట పడదు. గబగబా నాలుగు దెబ్బలు, అంతలోనే ఖాళీ. ఆ ఖాళీలో ఒక పసిబిడ్డ కేరింత. కచేరీలో మృదంగం వాయించే ఆయన ముక్తాయింపు ముందు ఒక్క క్షణం ఆగితే సభంతా ఊపిరి బిగబడుతుంది చూడండి, సరిగ్గా అలా ఉంటుంది. వాయించడం చాలామందికి వస్తుంది, ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళు తక్కువ. అది ఎక్కడి నుంచీ ఎత్తుకొచ్చేది కాదు.

పాతరికార్డు:
లయ సంగతి ఒప్పుకుంటాను. కానీ మీరు ఏరుకున్న పాటలో మీ మాటే నెగ్గుతుంది. నేను ఇంకోటి తీస్తాను. 1999లో రాపర్ జే-జీ ఆల్బమ్‌కి ఆయన చేసిన 'బిగ్ పింపిన్'. ఆ పాట వినగానే మనసులో ఉండిపోయేది ఏమిటి? ఆ మెలికలు తిరిగే ఫ్లూట్ వరస. అది ఈజిప్టు సంగీత దర్శకుడు బలీగ్ హమ్దీ కట్టిన 'ఖొసారా'లోది. 1957లో ఒక సినిమాలో అబ్దెల్ హలీం హాఫెజ్ పాడాడు. ఆ విరహ గీతం ఇక్కడికొచ్చి ఆడవాళ్ళను చులకన చేసే మాటలకు పల్లకీ మోసింది. హమ్దీ 1993లోనే పోయాడు, అడిగే అవకాశమే లేదు. ఆయన మేనల్లుడు 2007లో అమెరికాలో కేసు వేస్తే, 2015లో విచారణ మధ్యలోనే జడ్జి కొట్టేశారు.

పాటకు ప్రాణమైన వరస ఒకరిది, పేరు ఇంకొకరిది. పైసా ఇవ్వకుండా చేసిన దొంగతనం కాక దీన్ని ఏమనాలి?

సెక్షన్57:
పాతరికార్డు గారూ, రెండు విషయాలు కలిపేశారు. విడగొట్టి చెబుతాను.

ఒకటి, డబ్బు ఇవ్వలేదన్నది నిజం కాదు. మొదట అనుమతి లేకుండానే వాడాడు, అది తప్పే. తర్వాత అభ్యంతరం వస్తే 2001లో ఈఎంఐ అరేబియా అనే సంగీత కంపెనీకి 1 లక్ష డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాడు. రెండు, మేనల్లుడు ఓడిపోయింది వరస ఒకటే కాదని తేలినందుకు కాదు. పాట మీద ఆర్థిక హక్కులు ఆ కుటుంబం అప్పటికే వేరేవాళ్ళకు రాసిచ్చింది, కాబట్టి దావా వేసే హక్కే ఆయనకు లేదన్నారు. 2018లో అప్పీల్ కోర్టూ అదే సమర్థించింది.

మేనల్లుడి బాధ డబ్బు గురించి మాత్రమే కాదు. ఈజిప్టు చట్టంలో కృతికర్తకు ఇంకో రకం హక్కు ఉంది: నా పాటని పాడుచేయొద్దు అనే హక్కు. అది అమ్ముకున్నా పోదు. అమెరికా కోర్టులో దానికి బలం లేకపోయింది. మన కాపీరైట్ చట్టంలో సెక్షన్ 57 చెప్పేది దాదాపు అదే. ఈ పేరు పెట్టుకుంది అందుకే, నాకు ఆ సెక్షన్ మీద అంత గౌరవం. విరహ గీతాన్ని అలా వాడటం మీద మీ కోపం న్యాయమైనది. దొంగతనం అనే మాట మాత్రం అక్కడ సరిపోదు.

కృష్ణానగర్_కీస్:
నేను హైదరాబాద్‌లో పదకొండేళ్ళుగా కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేస్తున్నాను. మీరంతా ఈజిప్టు దాకా వెళ్ళారు, నేను ఆ స్టూడియో గదిలోకే వస్తాను. పక్క కుర్చీలో కూర్చున్నవాడి సంగతి ఏమిటి?

2006లో టింబలాండ్ దశ మళ్ళీ తిరిగింది. నెల్లీ ఫుర్టాడో 'లూస్', జస్టిన్ టింబర్‌లేక్ 'ఫ్యూచర్‌సెక్స్/లవ్‌సౌండ్స్' రెండూ ఆ ఏడాదే. ఆ రెండింటిలోనూ ఆయన పక్కన పనిచేసిన కుర్రాడు డాంజా. అసలు పేరు నేట్ హిల్స్, అదే వర్జీనియా. డాంజా పేరు ఆల్బమ్ మీద ప్రొడ్యూసర్‌గా పడింది. ఆ పేరుతోనే 2007లో బ్రిట్నీ స్పియర్స్‌కి సొంతంగా పాటలు చేశాడు. అలా పేరు పడటం ఎంత పెద్ద విషయమో మా గదిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. నేను ఒక పాటకి తాళం, బేస్, మధ్యలో వచ్చే బిట్ అన్నీ రాత్రి మూడింటి దాకా కూర్చుని కట్టాను. ఆడియో వచ్చాక చూస్తే మా సంగీత దర్శకుడి పేరు తప్ప ఇంకెవరిదీ లేదు. మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను కూడా, నా పాట వస్తుందని. తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు.

అలాగని టింబలాండ్ దగ్గర అంతా సవ్యంగా జరిగిందనీ అనను. జస్టిన్ పాడిన 'క్రై మీ ఎ రివర్'కి కీబోర్డ్ వాయించిన స్కాట్ స్టార్చ్ పేరు రచయితల్లో ఉంది, కానీ తనకు రావాల్సిన పేరు రాలేదని ఆయన గోడు. 2007లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు పాటల్లోనే తిట్టుకున్నారు. ఆ గొడవలో నాకు స్టార్చ్ బాధే ఎక్కువ అర్థమవుతుంది.

సిర్ర_సిటికెన:
అందరూ పెద్ద పెద్ద కేసులు చెప్పారు. నేను డప్పు వాయించేవాణ్ణి, నాకు తెలిసింది చెబుతా.

2003లో టింబలాండ్, ఆయన జోడీ రాపర్ మగూ కలిసి ఒక పాట చేశారు. పేరు 'ఇండియన్ ఫ్లూట్'. ఆ పేరు చూసి మనవాళ్ళ వేణువేమో అని ఆశగా విన్నాను. ఏదో తేడాగా అనిపించింది. తర్వాత తెలిసింది, అది కొలంబియా గాయని టోటో లా మొంపొసీనా పాటలోంచి తీసుకున్నదని. అక్కడి పల్లెల్లో ఊదే పొడవాటి పిల్లనగ్రోవిని గైటా అంటారట. కొలంబియా పల్లె వాద్యం మన పేరు మీద చలామణి అయింది. నాకు ఇది అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది. డబ్బు ఇచ్చారా లేదా అన్నది తర్వాత, కనీసం ఆ ఊదేది ఏమిటో దాని పేరుతో పిలవాలి కదా.

మాకూ జరిగింది. ఒక స్టూడియోవాళ్ళు పిలిస్తే మా బాబాయి, నేను వెళ్ళాం. బయట పేవ్‌మెంట్ మీద గడ్డి మంట వేసి డప్పు కాగబెట్టాం. తోలు బిగిసి 'ఠంగ్' మనే దాకా బాబాయి వేలితో తట్టి చూస్తూనే ఉన్నాడు. లోపల ఏసీకి అది నిమిషాల్లో మెత్తబడేది, మళ్ళీ బయటికి పరుగు. అలా ఆరుసార్లు. విడివిడిగా దెబ్బలు కొట్టమన్నారు: సిర్ర ఒక్కటే, సిటికెన పుల్ల ఒక్కటే, రెండూ కలిపి. మధ్యాహ్నం దాకా కొట్టి, ఇచ్చింది తీసుకుని వచ్చేశాం. ఇప్పుడు ఆ దెబ్బలు పండగ పాటల్లో వినిపిస్తున్నాయి. అవి మావేనని నాకు ఎలా తెలుసంటారా? బాబాయి సిటికెన పుల్ల కొసన చిన్న చీలిక ఉండేది. ఆ చిటపట ఇంకెవరి డప్పులోనూ రాదు.

కమోడోర్64:
చదువుతుంటే మనసు బరువెక్కింది అన్నా. నేను ఇంకో కేసు చెప్తాను, ఇది బతికున్న మనిషిది.

ఫిన్లాండ్‌లో జాన్నె సునీ అనే కుర్రాడు 2000లో పాత కంప్యూటర్ల మీద పాటలు కట్టేవాళ్ళ పోటీ కోసం 'యాసిడ్‌జాజ్డ్ ఈవెనింగ్' అని ఒకటి చేశాడు. నార్వేకి చెందిన ఇంకొకాయన దాన్ని కమోడోర్ 64 కంప్యూటర్‌లో మోగేలా మార్చాడు. వీళ్ళెవరూ పైసా కోసం చేసినవాళ్ళు కాదు, ఇష్టం కొద్దీ చేసి నలుగురికీ ఉచితంగా పంచినవాళ్ళు. 2006లో 'లూస్' ఆల్బమ్‌లో 'డూ ఇట్' పాట వచ్చింది. 2007 మొదట్లో జనం రెండిటినీ పక్కపక్కన పెట్టి నెట్‌లో వినిపించారు. నేనూ విన్నాను. వరస, కింద నడిచే బేస్, అన్నీ అవే.

ఆ పాట హక్కులు తీసుకున్న కెర్నెల్ రికార్డ్స్ అనే కంపెనీ వేసిన కేసు ఫ్లోరిడాలో నడిచింది. అమెరికాలో ముందుగా కాపీరైట్ రిజిస్టర్ చేయించలేదన్న చిక్కు మీద పోయింది, 2012లో అప్పీల్‌లోనూ పోయింది. కాపీ కొట్టాడా లేదా అన్న ప్రశ్న దగ్గరికి కోర్టు వెళ్ళనే లేదు. ఈజిప్టు పాటకైతే లక్ష డాలర్లు కదిలాయి. ఇక్కడ కోర్టులో ఏమీ దక్కలేదు. నా దృష్టిలో 'బిగ్ పింపిన్' కంటే ఇదే పెద్ద మచ్చ.

విశాఖ_బీట్స్:
'డూ ఇట్' విషయంలో నా దగ్గర సమాధానం లేదు. నిన్న రాత్రి రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నాను. ఆ పాట వరకు నేను ఆయన్ని వెనకేసుకురాను.

లయ గురించి అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. శాంపిల్ (పాత రికార్డులోని ముక్క తీసి కొత్త పాటలో కలపడం) వాడకమే తప్పనడం కూడా ఒప్పుకోను. 2007లో లండన్ గాయని ఎం.ఐ.ఏ. 'కాలా' ఆల్బమ్ వచ్చింది. చివరి పాట టింబలాండ్ చేసిందే. మొదటి పాటలో ఇళయరాజా గారి డోలు మోత, 'దళపతి'లోది. ఆ మొదటి పాట చేసింది వేరేవాళ్ళు లెండి. మనం 'సింగారాల పైరుల్లోన' అని తెలుగులో పాడుకున్న ఆ పాట లండన్ అమ్మాయి ఆల్బమ్‌లో మోగితే, నేను బస్సులో ఉన్నవాణ్ణి లేచి నిలబడ్డాను. ఎవరిదో తెలిసి, అడిగి, పేరు వేసి వాడితే పాటకి రెండో పుట్టుక వస్తుంది. ఆ దారి మూసేయొద్దు.

పాతరికార్డు:
ఆ దారి నేనూ మూయమనను. నా భయం ఇప్పటిది. టింబలాండ్ 2024లో సునో అనే ఏఐ పాటల కంపెనీకి సలహాదారుగా చేరాడు. 2025లో స్టేజ్ జీరో అని సొంత కంపెనీ పెట్టి, ఏఐ గాయనిని తయారు చేశానని ప్రకటించాడు. అదే ఏడాది ఒక యువ ప్రొడ్యూసర్ బీట్‌ని అడక్కుండా సునోలో వేసి మార్చాడని గొడవైతే క్షమాపణ చెప్పాడు. శాంపిల్‌లో కనీసం ఎవరిదో చెవికి తెలుస్తుంది. ఈ యంత్రంలో వేశాక బాబాయి పుల్ల చీలిక ఎవరి చెవికి తెలుస్తుంది చెప్పండి?

కృష్ణానగర్_కీస్:
ఆ చీలిక మాట నన్ను రెండు రోజులుగా వదల్లేదు. సిర్ర_సిటికెన అన్నా, నా దగ్గరున్న డప్పు శాంపిళ్ళన్నీ తిరగేశాను. ఒక దాంట్లో ఆ చిటపట ఉంది. నేను సొంతంగా చేస్తున్న ట్రాక్‌లో అది ఇప్పటికే వాడేశాను, వచ్చే నెల పెడుతున్నాను. మీకు పంపుతాను, విని మీదేనా చెప్పండి. మీదైతే లెక్క మాట్లాడుకుందాం. పేరు ఎలా వేయమంటారు?

సిర్ర_సిటికెన:
పంపించు తమ్ముడూ. మాదే అయితే ముందు మా బాబాయి పేరు వెయ్యి, తర్వాత నాది. "డప్పు" అనే రాయి, "పర్కషన్" అని రాయకు.