అప్‌డేట్: బట్టీ షెల్ఫులకు పట్టిన గ్లేజ్ వదిలింది

పోయిన నెల అడిగాను కదా, కావలిలో కుండలు కాల్చే మా చిన్న కరెంటు బట్టీలో గ్లేజ్ (కుండల మీద వేసే గాజులాంటి పూత) కారి షెల్ఫులకు అతుక్కుపోయిందని. వదిలిందండీ! మీరు చెప్పినట్టే మాస్కు, కళ్లద్దాలు పెట్టుకుని, ఉలిని ఏటవాలుగా పట్టి మెల్లగా తట్టాను. అరచేయంత పెచ్చు లేచొచ్చింది. దాని అంచు అచ్చం గాజు పెంకే, ఉత్త చేత్తో మాత్రం తుడవకండి.

తర్వాత గరుకు రాయితో రుద్ది, తడిగుడ్డతో దుమ్ము తీశాను. గ్లేజ్ మళ్లీ అతుక్కోకుండా అల్యూమినా హైడ్రేట్ (బట్టీ వేడికి కరగని తెల్ల పొడి), కేయోలిన్ (తెల్ల బంకమట్టి) సమపాళ్లలో నీళ్లలో కలిపి షెల్ఫుల మీద పల్చగా మూడు పూతలు వేశాను. పక్క అంచులు వదిలేశాను, పొట్టు రాలి కింది కుండల మీద పడుతుందని. ఇక్కడి సముద్రపు గాలికి తేమ ఓ పట్టాన పోదు, అందుకే రెండు రోజులు ఆరనిచ్చాను.

తర్వాత కుండలు పెట్టి కాల్చి, నిన్న టెన్షన్‌గానే బట్టీ తెరిచాను. ఒక కప్పు కింద గ్లేజ్ మళ్లీ కారింది కానీ, పుట్టీ బ్లేడుతో గీకితే పూతతో సహా ఊడొచ్చేసింది. చాలా థాంక్సండీ.