ఫిడేలా, వాయులీనమా?

అందరికీ నమస్కారం. నెలాఖరుకి చదివినవీ చూసినవీ విన్నవీ ఇక్కడ చెప్పుకోవడం మనకి అలవాటే కదా. ఈ నెల నేను సినిమాలు రెండు చూశాను, బాగానే ఉన్నాయి, కానీ వాటిలో ఒక్క మాట కూడా నాతో ఇంటికి రాలేదు. ఇంటికి వచ్చిన మాట ఒకటే: వాయులీనం, అంటే వయొలిన్, మనం ఫిడేలు అనేదే. దాని గురించే రాస్తున్నాను.

మధురవాడ నుంచి గాజువాక దాకా రోజూ బస్సులో వెళ్తాను. ఎన్ఏడీ జంక్షన్ దాటేలోపు ఒక కథ వినడం పూర్తవుతుంది. తెలుగు కథలు చదివి వినిపించే పాడ్‌కాస్ట్ ఒకటి పెట్టుకుంటే అందులో చాసో (చాగంటి సోమయాజులు) కథ "వాయులీనం" వచ్చింది. భార్య జబ్బుపడితే వైద్యం కోసం ఆమె ప్రాణంగా చూసుకునే వాద్యాన్ని అమ్మేసుకునే ఇంటి కథ. ఎప్పుడో కాలేజీలో చదివాను. అప్పుడు డబ్బులేమి కథ అనిపించింది. ఇప్పుడు వింటుంటే, బతికి బయటపడ్డ మనిషి ఏం పోగొట్టుకుని బతికిందో అదే కనిపించింది. దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

ఇంటికొచ్చి మా అమ్మాయికి కథ చెప్తుంటే, తొమ్మిదేళ్ల పిల్ల, మధ్యలో ఆపి అడిగింది: "వాయులీనం అంటే ఫ్లూటా అమ్మా?"

పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? వాయువు అంటే గాలి. గాలితో పలికేది వేణువు, సన్నాయి. మన శాస్త్రం వాద్యాలని తతం, సుషిరం, అవనద్ధం, ఘనం అని నాలుగుగా విడదీసింది. ఊదేవన్నీ సుషిరాలు, తీగలున్నవి తతాలు. వయొలిన్ తీగల వాద్యం. మరి దాని పేరులోకి గాలి ఎందుకొచ్చింది? ఇంగ్లీషు మాట చెవికి ఎలా వినిపించిందో దాన్నే పట్టుకుని ఎవరో పండితులు సంస్కృతం తొడిగారు. వయొలిన్, వాయులీనం. చప్పుడు కలిసింది, అర్థమూ ఒకటి కుదిరింది: వాయువునందు లీనమైనది. సప్తమీ తత్పురుష. అందమైన పనే, కాదనను.

కానీ మా తాతయ్యది విజయనగరం. ఆయన నోట వాయులీనం అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు. "ఫిడేలు నాయుడుగారు" అనేవారు, అంతే. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అని పూర్తి పేరు నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయన అక్కడ ఫిడేలు ఆచార్యులుగా చేరారు. అప్పుడు ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. 1936లో నాయుడుగారే ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన పేర మన విశాఖలోనూ కళాక్షేత్రం ఉంది. ఈ నెల రాత్రిళ్లు ఆయన పాత రికార్డింగులే విన్నాను. వెనక గరగర వినిపిస్తూనే ఉంటుంది. అయినా ఒక్కో చోట పాడే మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టే కమాను, అదే తీగల మీద రాసే పుల్ల, ఆగుతుంది. ఆ ఆగడం కోసం అదే ముక్క నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి విన్నాను.

నా వాదన ఇది. ఫిడేలు కూడా ఇంగ్లీషు నుంచి వచ్చిందే, కానీ అది మన నాలుక మీద తిరిగి తెలుగైపోయింది. రైలు, స్కూలు, బస్సు లాగే చివర ఉకారం తగిలించుకుంది. ఫిడేలుకి, ఫిడేలుతో, ఫిడేళ్లు అని ఏ ప్రత్యయానికైనా లొంగుతుంది. సైకిలు, టేబులు అన్నప్పుడు లేని దీర్ఘం ఒకటి దీనికి మధ్యలో ఉంది, ఫి-డే-లు అని. పలుకుతుంటేనే కమాను సాగినట్టుంటుంది నాకు. 1939లో పఠాభి తన కవితల పుస్తకానికి "ఫిడేలు రాగాల డజన్" అని పేరు పెట్టారంటే, అప్పటికే ఆ మాట ఎంత మనదైపోయి ఉండాలి! అలాంటి మాటని మోటుదనుకుని పక్కన పెట్టి, పిల్లలకి వేణువు గుర్తుకొచ్చే మాటని శుద్ధమైన తెలుగు అని నేర్పడం నాకు నచ్చడం లేదు. మీరేమంటారు?

జవాబు (కంచరపాలెం, రిటైర్డ్ తెలుగు మాస్టారు)

అమ్మా, ఫిడేలు మీద మీ ప్రేమ నాకూ ఉంది. కానీ వాయులీనాన్ని తొడిగిన మాట అని తేలిగ్గా తీసెయ్యకండి. పరాయి మాట వచ్చినప్పుడు దాని ధ్వనీ పోకుండా, మనకో అర్థమూ దొరికేలా మాట కట్టడం ఎంత కష్టమో, ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పినవాణ్ని, నాకు తెలుసు. పైగా సమాసంలో దాని సొగసు వేరు. వాయులీన విద్వాంసుడు, వాయులీన సహకారం. ఇక వేణువు సంగతి. ఏ వాద్యమైనా నాదం చివరికి కలిసేది గాలిలోనే కదమ్మా. లీనం అన్నారు గానీ, ఊదడం అనలేదు.

జవాబు (అక్కయ్యపాలెం)

వాయించేది కాబట్టి వాయులీనం అనుకున్నాను ఇన్నాళ్లూ. కాదా అండీ?

జవాబు (మొదటి పోస్టు రాసినామె)

కాదండీ. వాయించడం వాద్యం, వాదనం ఉన్న కుటుంబంలోది. గాలికీ దానికీ చుట్టరికం లేదు, చెవికి దగ్గరగా వినిపిస్తాయి అంతే. అయినా మీరనుకున్న అర్థమే నయం, కనీసం వాద్యం దగ్గరే ఉంది.

జవాబు (మహారాణిపేట, పిల్లలకి వయొలిన్ నేర్పే టీచర్)

క్లాసులో మేమనేది ఈ రెండూ కాదండీ, వయొలిన్ అనే. పిల్లలకి ఇంకో మాట తెలీదు. వాయులీనం నాకు కనిపించేది ఆహ్వాన పత్రికల మీద, గాత్రానికీ మృదంగానికీ మధ్య. ఫిడేలు అనేది పెద్దవాళ్లు. మా గురువుగారు "ఫిడేలు కింద పెట్టి, ముందు పాడమ్మా" అనేవారు. గొంతులో లేనిది తీగ మీదికి రాదని ఆయన పట్టు.

ఒక మాట చెప్పాలి. పేరు సంగతి ఎలా ఉన్నా, మనవాళ్లు వాద్యాన్నే మార్చుకున్నారు. పడమటివాళ్లు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటే, మనం కింద కూర్చుని దాని తలని కుడి పాదం మీద ఆనిస్తాం. అప్పుడు ఎడమ చెయ్యి బరువు మొయ్యక్కర్లేదు, గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, తీగ మీద పైకీ కిందికీ జారగలదు. శ్రుతి కూడా వాళ్లలా కాదు, నాలుగు తీగలనీ స-ప-స-ప అని కలుపుతాం. దీన్ని మొదట మన సంగీతంలోకి తెచ్చినవాళ్లలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఒకరు. మద్రాసులో తెల్లవాళ్ల బ్యాండు దగ్గర చూసి నేర్చుకున్నారాయన. ఇంత మార్చుకున్నాక అది పడమటి వయొలిన్ ఎలా అవుతుంది? మనకంటూ ఒక మాట ఉండాలి. అందుకే నా ఓటు కూడా ఫిడేలుకే. కమాను అన్న మాట మాత్రం ఇంకా మా క్లాసులో బతికే ఉంది, సంతోషం.

జవాబు (గోపాలపట్నం)

రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడంటాం. వాయులీనం వాయించాడని ఎవరైనా అంటారా? క్రీ.శ. 64 నాటి మంటలవి, ఈ వాద్యం పుట్టింది పదహారో శతాబ్దపు ఇటలీలో. అసలు లేని ఫిడేలుని నీరో చేతిలో పెట్టి మరీ మనం నుడికారం చేసుకున్నాం. నుడికారంలోకి దిగిన మాటకి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

జవాబు (మొదటి పోస్టు రాసినామె)

టీచర్ గారూ, పాదం మీద ఆనించడం, చెయ్యి జారడం ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు. మొన్న పిఠాపురం కాలనీ కళాభారతిలో కచేరీకి వెళ్లి, మీ జవాబు చదివాక గుర్తొచ్చి, విద్వాంసురాలి ఎడమ చెయ్యినే చూస్తూ కూర్చున్నాను.

మాస్టారూ, మీరు రాసింది చదివాక కథని మళ్లీ తీశాను, ఈసారి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో, పుస్తకంలో. పైన "ఫిడేలు" అని పేరుందనుకుని చదివి చూశాను. కుదరలేదు. ఫిడేలు అంటే పెట్టెలో ఉన్న వస్తువు, ధర కట్టి అమ్మగలిగేది. వాయులీనం అన్నప్పుడు అది చేజారి గాలిలో కలిసిపోవడం పేరులోనే వినిపిస్తోంది. కథలోని పోగొట్టుకోవడమంతా ఆ "లీనం"లో ఉంది. మీరన్నది ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం, నేను తొందరపడ్డాను. మా ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఫిడేలే. అమ్మాయికి రెండు మాటలూ చెప్పాను, నాయుడుగారి రికార్డు పెట్టి వినిపించాను. ఆ ఆగే చోటు రాగానే తనే ఉష్ అని నన్ను మాట్లాడనివ్వలేదు.

కమానుకి మీ ఇళ్లలో, మీ గురువుల దగ్గర వేరే మాట ఏదైనా విన్నారా? విల్లు అనేవారని మా తాతయ్య చెప్పినట్టు లీలగా గుర్తు. విన్నవాళ్లెవరైనా ఉంటే ఊరు పేరుతో సహా రాయండి.