‘నాత్మభవు’నా, ‘నాత్మభువు’నా? సర్వర్ ముందు కూర్చుంటే పట్టుకున్న సందేహం

గౌతమి ఒడ్డు:
రాత్రి పదకొండున్నర. కాకినాడలో ఒక ఆఫీసు సర్వర్ గదిలో కూర్చుని రాస్తున్నాను. పాత సర్వర్. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోతే మార్చాను. మార్చి కరెంటు ఇచ్చేసరికి సెటప్‌లో ఎప్పుడో ఎవరో పెట్టినవన్నీ చెరిగిపోయి మొదటికొచ్చాయి. ఇప్పుడది బూట్ డివైస్ దొరకలేదంటోంది. ఎఫ్2 నొక్కితే సెటప్ తెరుచుకోవడానికే నాలుగు నిమిషాలు. ఉన్న మెమరీ అంతా తడుముకుని చూసుకుంటుంది కదా, అందాకా మనకి వేరే పని ఉండదు.

ఆ ఖాళీలో ‘బూట్ మోడ్’ అన్న మాటనే చూస్తూ కూర్చున్నాను. బూట్ అంటే మన కాలి బూటే. తన బూటు పట్టీలు తానే పట్టుకుని తనని తానే పైకి లేపుకోవడమన్న పాత వెక్కిరింత మాట, కంప్యూటర్ దగ్గరికొచ్చి అసలు పేరైపోయింది. తనలోంచి తానే పుట్టేవాడన్నమాట. అంతే, మా మామ్మ గొంతు మొదలైంది. లాంతరు చిమ్నీ ముగ్గుతో తుడుస్తూ పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం చదివేది. ‘ఎవ్వనిచే జనించు’ మూడు పాదాలూ గడగడా వచ్చాయి. నాలుగో పాదంలో ‘వాని నాత్మ...’ దగ్గర ఆగిపోయాను. భవునా? భువునా? మామ్మ ‘భువు’ అనేదనే నా చెవికి గుర్తు. ఎవరైనా తేల్చండి, ఈలోగా నేను దీన్ని లేపుతాను.

లంక మాస్టారు:
‘వాని నాత్మభవు నీశ్వరు నే శరణంబు వేడెదన్.’ భవు. నేను చూసిన అచ్చు ప్రతులన్నిటిలోనూ అదే. మీ మామ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ పద్యాన్ని చూసి చదివినవాళ్లకంటే విని పట్టుకున్నవాళ్లే ఎక్కువ.

కోనసీమ కోడలు:
మాస్టారూ, అచ్చులో ఉన్నది సరే. మూలంలో ఏముందో కూడా చెప్పాలి కదండీ. సంస్కృత భాగవతం అష్టమ స్కంధం మూడో అధ్యాయంలో గజేంద్రుడి స్తుతి. అందులో ఒక శ్లోకం ‘యస్మిన్నిదం యతశ్చేదం యేనేదం య ఇదం స్వయమ్’ అని మొదలై ‘తం ప్రపద్యే స్వయంభువమ్’ అని ముగుస్తుంది. స్వయంభువమ్! ‘భువ’ మూలంలోనే ఉంది. స్వయంభువు అన్న మాట ఉత్పలమాలలో ఆ చోట ఇమడదు కాబట్టి పోతన ‘స్వయం’ తీసి ‘ఆత్మ’ పెట్టి, ‘భువు’ని ఉంచాడనుకుంటే తప్పేమిటి? మామ్మగారి చెవి మంచిదే.

గణాల గంప:
గణం సాక్ష్యం ఇక్కడ ఎవరి పక్షానా నిలబడదు. ‘త్మభవు’ మూడూ లఘువులే, ‘త్మభువు’ మూడూ లఘువులే. నగణం నగణమే. యతి ‘డె’కీ ‘నీ’కీ, అది అక్కడినుంచి కదలదు. ప్రాస ‘వ్వ’. పోనీ వ్యాకరణం చెబుతుందా అంటే అదీ లేదు. ఆత్మభవున్ అన్నా ఆత్మభువున్ అన్నా ద్రుతం, అంటే ఆ చివరి ‘న్’, మీద ఈశ్వరు వచ్చి కూర్చుని ‘నీశ్వరు’ అవుతుంది. ఒక్క కొమ్ము తేడా, అంతే.

లంక మాస్టారు:
కొమ్మంటే చిన్నదా? అమరం, అదే అమరకోశం నిఘంటువు, తీయండి. ‘బ్రహ్మాత్మభూః సురజ్యేష్ఠః’. ఆత్మభువు అంటే మొట్టమొదట బ్రహ్మ. ‘ఈశ్వరు’ పక్కన బ్రహ్మని పెడితే గజేంద్రుడు ఇద్దరిని పిలిచినట్టవుతుంది. ఈ పద్యం పట్టుమంతా ఫలానా దేవుడని పేరు పెట్టకుండా ‘ఎవ్వడు, ఎవ్వడు’ అని అడగడంలోనే ఉంది. పేరు పెట్టకపోబట్టే కదా తర్వాత ‘కలఁడు కలఁడనెడి వాఁడు కలఁడో లేఁడో’ అన్న అనుమానానికి చోటొచ్చింది.

కోనసీమ కోడలు:
అదే అమరంలో ఇంకో నాలుగు పుటలు తిప్పితే ‘మకరధ్వజ ఆత్మభూః’ అని మన్మథుడు కూడా ఉంటాడు. అంతమాత్రాన ఏనుగు కాలు మొసలి నోట్లో పెట్టుకుని మన్మథుణ్ణి పిలిచిందంటామా? సందర్భం చూసుకోవాలి. పైగా మీరు చెప్పే ‘ఆత్మభవుడు’కి మాత్రం మచ్చ లేదా? నిఘంటువులో కొడుకనే అర్థం కూడా ఉంది. తనూభవుడు, ఆత్మజుడు, ఆత్మభవుడు.

గణాల గంప:
కొడుకుని పిలిచినా వచ్చేవాడు కాదులెండి. ఆ మడుగు దగ్గర అందరూ చుట్టూ నిలబడి చూసినవాళ్లే.

బోదె గట్టు:
నాకు సంస్కృతం రాదండీ. బూట్ చెయ్యడానికి తెలుగు మాట ఏంటని కదా అసలు సంగతి? మా డెల్టాలో ఎప్పటినుంచో ఉంది. ‘కాలువలు వదలడం’. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తితే నీళ్లు ముందు ప్రధాన కాలువకి, అక్కణ్ణుంచి లాకులు దాటి పంట కాలువకి, తూము దాటి బోదెలోకి, ఆ తర్వాతే మా మడిలోకి. ఒకదానికొకటి అప్పజెప్పుకుంటూ రావాలి. మధ్యలో ఏ లాకు దగ్గర లస్కరు నిద్రపోయినా శివారు చేలకి చుక్క రాదు. సర్వరూ అంతేనని మావాడు చెప్పాడు. ఇక ఆపడానికి వేరే మాట వెతుక్కోనక్కర్లేదు. ‘కాలువ కట్టేశారు.’

గౌతమి ఒడ్డు:
ఆయ్, అడిగింది అది కాదండీ, కానీ మాట బాగుంది. రేపు మేనేజరుతో ‘సర్వర్ వదిలామండీ’ అంటాను.

ఇక్కడి పరిస్థితి: బూట్ మోడ్ యూఈఎఫ్ఐకి, అంటే కొత్త పద్ధతికి, మారిపోయి ఉంది. దీంట్లో ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఎక్కించింది లెగసీ మోడ్‌లో, అంటే పాత పద్ధతిలో. పాత పద్ధతిలో డిస్కు మొట్టమొదటి సెక్టారు, 512 బైట్లు, అందులో ప్రోగ్రాముకి మిగిలేది 446. సర్వర్‌ని లేపే ప్రోగ్రాము, బయాస్, దాన్ని తీసి మెమరీలో పడేసి, ఇక నీ ఇష్టమని చేతులు దులుపుకుంటుంది. కొత్త పద్ధతి ఆ సెక్టారులోని ప్రోగ్రాము జోలికే పోదు. ఫ్యాట్ ఫార్మాట్‌లో ఒక చిన్న పార్టిషన్ ఉందా, అందులో ‘.ఈఎఫ్ఐ’ ఫైలుందా అని వెతుకుతుంది. ఇందులో అది లేదు. అందుకే డిస్కు కళ్లెదుట ఉన్నా లేదంటోంది. లెగసీకి మార్చి ఎఫ్10 కొట్టాను. మళ్లీ నాలుగు నిమిషాలు. ఈ నాలుగు నిమిషాలకి ఎవరైనా ‘భవు’ సంగతి చూడండి.

రెండో షిఫ్టు:
నేను ఈ పనిలోనే ఉన్నాను, పద్యం కూడా వచ్చు. నా సిద్ధాంతం వినండి. ఈ పద్యం ఫర్మ్‌వేర్ గురించే, అంటే యంత్రంలోనే ముందుగా ఎక్కించి ఉంచిన ప్రోగ్రాము గురించే. ‘ఎవ్వనిచే జనించు’ సరే. ‘ఎవ్వని లోపల నుండు లీనమై’ చూడండి. యూఈఎఫ్ఐలో బూట్ పనులు చూసేవి ఒక గుంపు, నడుస్తున్నంతసేపూ ఉండేవి ఒక గుంపు. ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి పగ్గాలు వెళ్లాక మొదటి గుంపు సెలవు తీసుకుంటుంది. రెండో గుంపు మాత్రం మెమరీలో ఓ మూల ఎవరికీ కనబడకుండా ఉండి గడియారం, సెట్టింగులు చూసుకుంటుంది. లీనమై ఉండటమంటే అదే! ‘ఎవ్వనియందు డిందు’ అంటే షట్‌డౌన్. ‘అనాదిమధ్యలయుఁడు’ ఎవరంటారా? సర్వర్ ఆపేసినా వైరు గోడకి ఉన్నంతసేపూ మెలకువగా ఉండే ఆ చిన్న కంట్రోలరు.

లంక మాస్టారు:
బాబూ, చమత్కారం బాగుంది. అన్వయం మాత్రం తప్పింది. ‘లీనమై’ మొదటి పాదం చివర ఉందని ‘ఉండు’తో కలిపేశారు. ‘లీనమై యెవ్వనియందు డిందు’ అని కిందికి దింపుకోవాలి. లయమయ్యేటప్పుడు కదా లీనం కావడం? ఉన్నప్పుడు లీనమై ఉంటే ఇక జగత్తు కనబడేదెక్కడ?

రెండో షిఫ్టు:
పాదం చివర ఊపిరి ఆపుతాం కదా మాస్టారూ. చదివేవాడెవడూ ‘ఉండు’ దగ్గర ఆపి ‘లీనమై యెవ్వని’ అని కలిపి చదవడు.

లంక మాస్టారు:
చదివేవాడి ఊపిరి అన్వయాన్ని శాసించదు. ‘మూలకారణంబెవ్వఁడు’ అన్న ప్రశ్న రెండో పాదంలో మొదలై మూడో పాదంలోకి పాకలేదా? ‘సర్వముఁ దానయైన వాఁ’ దగ్గర మాట సగంలో విరిగి ‘డెవ్వఁడు’ అని కింద పడలేదా? ఈ పద్యంలో పాదాంతాలన్నీ గట్టు తెగినవే. కంగారులో ఉన్న ప్రాణి వరస పాదం దగ్గర ఆగదు, అదే పోతన చేతివాటం. ఒక్క ‘ఎవ్వ’ని నాలుగు పాదాలకీ ప్రాసగా పెట్టుకుని, అడిగిందే అడుగుతున్నట్టు వినిపించడం ఇంకెవరివల్ల అవుతుంది?

కోనసీమ కోడలు:
ఇక్కడ మాత్రం మాస్టారితో ఏకీభవిస్తాను. ఏకీ‘భవిస్తాను’, గమనించండి, ఏకీ‘భువిస్తాను’ అనలేదు.

బోదె గట్టు:
ఒరుగల్లు వైపు కవిని ఇంత పొగుడుతున్నారు, మా వైపు వాళ్లని ఒక్క మాటైనా అనరేంటండీ? రాజమహేంద్రవరంలో నన్నయ గారు కూర్చుని భారతం మొదలెట్టకపోతే వీళ్లందరూ ఎక్కణ్ణుంచి బూట్ అయ్యేవారు?

గణాల గంప:
వేశారండీ చెక్. తెలుగు కావ్యానికి ఫర్మ్‌వేర్ నన్నయ. మొదటి పద్యం సంస్కృతంలో పెట్టాడు కాబట్టి లెగసీ మోడ్ అని కూడా అనొచ్చు.

లంక మాస్టారు:
‘శ్రీవాణీగిరిజాశ్చిరాయ’ శ్లోకాన్ని లెగసీ అన్నవారికి నేను జవాబు చెప్పను.

గౌతమి ఒడ్డు:
ఇంకా లేవలేదు. లెగసీలో పెట్టినా అదే పాట. అసలు తెర మీద డిస్కులే విడివిడిగా కనబడుతున్నాయి. రెండు కలిపి ఒకటిగా ఉండాలి.

రెండో షిఫ్టు:
సాటా మోడ్ చూడండి. బ్యాటరీ తీసినప్పుడు అదీ డిస్కుల్ని కలిపి చూపే రెయిడ్ నుంచి విడివిడిగా చూపే ఏహెచ్‌సీఐకి పోయి ఉంటుంది. తిరిగి రెయిడ్ పెట్టండి చాలు. కొత్త అరే (డిస్కుల జట్టు) చేయమని అడిగితే మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒప్పుకోవద్దు, ‘ఇనిషియలైజ్’ అన్న మాట కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోండి. డేటా అంతా డిందుతుంది.

కోనసీమ కోడలు:
‘డిందుతుంది’ అని ఈ రోజుల్లో వాడిన మొదటి మనిషి మీరే అయ్యుంటారు. అణగిపోవడం, క్షీణించడం. ఎంత మంచి మాటో. దీన్ని షట్‌డౌన్‌కి పెడదాం, ‘భవు’ గొడవ వదిలేద్దాం అనబోతున్నాను, కానీ వదల్లేను. మాస్టారూ, ఇంకొక్కటి. ‘నేఁ బలికిన భవహర మగునఁట’ అన్న కవి ఈయన. ఆయన దృష్టిలో భవం అంటే పోగొట్టుకోవలసిన పుట్టుక. పైపాదంలోనే ‘అనాది’ అన్నాడు. ఆది లేదని చెప్పిన నోటితో కిందపాదంలో ‘భవుడు’, పుట్టినవాడు, అంటాడా?

లంక మాస్టారు:
మరి ‘భూ’ ధాతువుకి మాత్రం పుట్టడం, ఉండటం కాక ఇంకేం అర్థం? భవమైనా భువమైనా ఒకే చెట్టు కొమ్మలు. తనంతట తానున్నవాడని చెప్పుకుంటే రెండూ అక్కడికే చేరతాయి. అయినా పాఠం భవు.

కోనసీమ కోడలు:
ఒకే చెట్టు కొమ్మలయినప్పుడు, మాకు కావలసిన కొమ్ము మేం పెట్టుకుంటాం.

రెండో షిఫ్టు:
నిజానికి సర్వర్లో ఆత్మభవుడెవడూ లేడండీ. కరెంటు రాగానే ప్రాసెసరు మొదటి ఆజ్ఞ కోసం చూసే చిరునామా దాని ఒంట్లోనే పోతపోసి ఉంటుంది, నాలుగు గిగాబైట్లకి సరిగ్గా పదహారు బైట్ల కింద. అక్కడున్న ఫర్మ్‌వేర్ ఫ్యాక్టరీలో ఎక్కించినది. బూటు పట్టీలు ఎప్పుడూ ఇంకొకరే పట్టుకుంటారు.

బోదె గట్టు:
అంటే స్వయంభువు కాదు, ప్రతిష్ఠ. మా పాలకొల్లు, మీ సామర్లకోట, అన్నీ ఒక్క లింగం ముక్కలే కదండీ, ఒకరొచ్చి పెట్టినవే. ద్రాక్షారామం వాళ్లు మాత్రం మాది స్వయంభువంటారు. అక్కడ ఈ మాట అనకండి, ఊళ్లోంచి బయటికి రానివ్వరు.

గణాల గంప:
ద్రాక్షారామం అన్నారు కాబట్టి శ్రీనాథుడి భీమఖండం...

లంక మాస్టారు:
వద్దు. శ్రీనాథుడు ఇక్కడికొస్తే వెనకే ఆ బావాబావమరుదుల కట్టుకథ కూడా వస్తుంది.

గౌతమి ఒడ్డు:
వదిలాం! రెయిడ్ పెట్టి, లెగసీలో ఉంచి, ఎఫ్10. ఒంటిగంటా పదికి లాగిన్ తెర వచ్చింది. తేదీ మాత్రం ఏ కాలానిదో చూపించింది, అదీ సరిచేశాను. సెటప్ పేజీలన్నీ ఒక్కొక్కటీ ఫోనుతో ఫొటో తీసుకున్నాను. బ్యాటరీ మార్చేముందే తీసుకోవలసిన పని, ఏం చేస్తాం. రెండో షిఫ్టు గారికి పూతరేకులు బాకీ.

ఆనందం పట్టలేక ఊళ్లో మా పెద్దత్తయ్యకి ఫోన్ చేశాను, ఆవిడకి ఎలాగూ నిద్ర పట్టదు. మామ్మ దగ్గర పద్యాలన్నీ నేర్చుకున్నది ఆవిడే. ‘మామ్మ భవు అనేదా, భువు అనేదా?’ అనడిగాను. పద్యం మొదటినుంచి అందుకుని, నాలుగో పాదం దాకా వచ్చి, ‘వాని నాత్మ’ దగ్గర దగ్గొచ్చి ఆగి, మళ్లీ అందుకుని ‘...నీశ్వరు నే శరణంబు వేడెదన్’ అని ముగించింది. రెండోసారి అడిగితే, అర్ధరాత్రి ఫోన్ చేసి అడిగే ప్రశ్నేనా, అన్నం తిన్నావా అంది.

చెరువు గట్టు:
పైవన్నీ చదవలేదు. పాఠం ‘నాత్మభవు’ అని అందరికీ తెలిసిందే కదా. నా సందేహం వేరు. ‘డిందుఁ బరమేశ్వరుఁడు’లో ఆ అరసున్న ఎందుకుండాలి?

లంక మాస్టారు:
రండి, కూర్చోండి.