లోరికీట్లలో అరుదైన రంగుల కోసం బ్రీడింగ్ చేయాలా, వద్దా?

పచ్చరెక్క: నీలి తల, ఎర్రటి రొమ్ము, పచ్చటి రెక్కలు. రెయిన్‌బో లోరికీట్ అనే ఈ చిలుకకి ఇంకా ఏం రంగులు కావాలి? దాంట్లోంచి నలుపు తీసేసి లుటినో అనీ, పసుపు తీసేసి బ్లూ అనీ తయారు చేస్తున్నారు. ఆ రంగు నిలవడానికి తోబుట్టువులనే జత కడుతున్నారు. ఇది ఆపాలి.

జన్యుబాట: తోబుట్టువులను కలపాల్సిన పనే లేదండీ. సినమన్ (నలుపు బదులు గోధుమ రంగు ఉండే రకం) మగదాన్ని ఏ సంబంధమూ లేని మామూలు ఆడదానితో జత కట్టండి. ఆడపిల్లలన్నీ సినమన్, మగపిల్లలన్నీ స్ప్లిట్, అంటే జన్యువు ఉన్నా రంగు పైకి కనబడదు. బ్లూకి తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ జన్యువు రావాలి కాబట్టి ఇంకో తరం ఆగాలి. ఆగలేనివాళ్లు చేసేదానికి అందరినీ అంటే ఎలా?

గూటిమనిషి: నాకు ఒకాయన ‘స్ప్లిట్ సినమన్’ అని ఆడపక్షిని అమ్మాడు. మామూలు దానికంటే చాలా ఎక్కువ తీసుకున్నాడు. పిల్లలన్నీ పచ్చవే. అప్పట్నుంచి మ్యుటేషన్ పక్షులు, అదే ఈ కొత్త రంగులవి, అమ్మేవాళ్లెవరినీ నమ్మను.

జన్యుబాట: సినమన్ జన్యువు ఉండేది జెడ్ క్రోమోజోమ్ మీద. మగదానికి అవి రెండుంటాయి, ఆడదానికి ఒక్కటే. ఆ జన్యువు ఆడదానికి ఉంటే ఒంటి మీద కనబడి తీరుతుంది. సినమన్‌లో స్ప్లిట్ ఆడది అనేదే ఉండదు.

గూటిమనిషి: ఆ పాఠం ఇప్పుడెందుకు? పోయిన డబ్బు మీరిస్తారా?

తేనెనాలుక: వీటికి పెట్టే నెక్టార్, అంటే తీపి ద్రవాహారం, వేడికి గంటల్లో పులిసిపోతుంది. అది మార్చే ఓపిక ఉందో లేదో ముందు చూసుకోండి.

పచ్చరెక్క: జన్యుబాట గారూ, క్రోమోజోములు పక్కన పెట్టండి. రెయిన్‌బోలో కొన్ని రంగులు స్కేలీ బ్రెస్టెడ్ లోరికీట్‌తో కలిపి తెచ్చినవి. అది వేరే జాతి. ఆ మాట మీరెందుకు ఎత్తరు?

జన్యుబాట: ఎందుకెత్తను? ఆస్ట్రేలియా అడవుల్లోనూ ఆ రెండూ అప్పుడప్పుడు జతకడతాయి. పిల్లల్లో స్కేలీ వాటా మొదటి తరంలో సగం, తర్వాత ప్రతిసారీ రెయిన్‌బోతోనే కలిపితే పావు, ఆపైన ఎనిమిదో వంతు. చూస్తే తేడా కూడా తెలియదు.

పచ్చరెక్క: నా భయం అదే! స్ప్లిట్ పిల్ల పచ్చగానే ఉంటుంది. ఎవరో మామూలు రెయిన్‌బో అనుకుని కొంటారు, దాని పిల్లలు ఇంకొకరి దగ్గరికి పోతాయి. ఇలా పోతే వేరే జాతి కలవని జత ఎక్కడ దొరుకుతుంది?

జన్యుబాట: అంటే మీ గొడవ రంగుతో కాదన్నమాట. ఆ ముక్క మొదటే అనుంటే ఇంత రభస ఉండేది కాదు. తల్లిదండ్రుల వివరాలు ఇచ్చి తీరాలంటారా, ఒప్పుకుంటాను, నేనూ ఇస్తున్నాను. కానీ తరాలుగా పంజరంలో పుట్టి పెరిగిన పక్షి అడవి పక్షిలాగే ఉండిపోవాలంటే మాత్రం ఒప్పుకోను.

పచ్చరెక్క: ఉండాలనే నేననేది. పోటీల కోసం పెంచే షో బడ్జీ చిలుకని అడవి బడ్జీ పక్కన పెట్టి చూడండి, తల, సైజు అన్నీ మారిపోయాయి. లోరికీట్లకు ఆ గతి పట్టొద్దు.

గూటిమనిషి: వివరాల కాగితం నాకూ ఇచ్చారు. ‘స్ప్లిట్ ఆడ’ అని అందులోనే రాసుంది.

జన్యుబాట: కాగితంతో సరిపెట్టుకోకండి, కాలికి మూసిన రింగు, అంటే అతుకు లేని నంబరు రింగు, ఉందేమో చూడండి. పిల్లగా ఉన్నప్పుడే వేయాలి, పాదం పెరిగాక ఎక్కదు. ఆ నంబరుతో తల్లిదండ్రులను చూపించలేనివాళ్ల దగ్గర కొనకండి.