శ్రీశైలం కాలినడక: ఆత్మకూరులో బస్సెక్కినవాడి మొక్కు తీరినట్టేనా?

కర్నూలు సభ్యుడు:
శివరాత్రికి కర్నూలు నుంచి ఆరుగురం శ్రీశైలానికి నడిచి వెళ్లాము. నందికొట్కూరు దాటేసరికే మా మిత్రుని అరికాళ్లు బొబ్బలెక్కాయి. అయినా ఆత్మకూరు దాకా నడిచి, అక్కడ ఇక అడుగు పడక, దోర్నాల మీదుగా బస్సులో కొండకు చేరి, మేము అడవిదారిన వచ్చేసరికి అడవిదారి కొండపైకి చేరే కైలాసద్వారం దగ్గర మాకోసం కాచుకొని ఉన్నాడు. అతని మొక్కు తీరలేదని మా బృందంలోని పెద్దాయన అంటున్నారు. మీరేమంటారు?

నంద్యాల సభ్యుడు:
పెద్దాయన మాటే సరి. నడిచి వస్తానని మాట ఇచ్చినవాడికి దర్శనఫలం దక్కినా, మొక్కు అప్పుగానే మిగులుతుంది. బొబ్బలెక్కని కాలినడక ఎక్కడుంది?

ఆత్మకూరు సభ్యుడు:
అంత గట్టిగా తేల్చేయలేము. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి సొంత గడప నుంచే నడుస్తారు. మనవాళ్లు అనేకులు అడవిదారి మొదలయ్యే వెంకటాపురం దాకా ఆటోలో వచ్చి అక్కడ నడక మొదలుపెడతారు, వారిదీ పాదయాత్రే అంటాము. శ్రీశైల శిఖరాన్ని చూస్తే పునర్జన్మ లేదన్నారే గాని, నడిచి వచ్చి చూస్తేనే అనలేదు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి ఈ కొండకు మెట్లు కట్టించాడు. కష్టమే పుణ్యమైతే ఆ రాజు యాత్రికులకు అపకారం చేసినట్టవుతుంది. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. నాగలూటి వీరభద్రుని గుడి దాటి, పెచ్చెరువు మీదుగా భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారానికి నిటారుగా ఎక్కే ఆ దారే ఈ యాత్రకు ప్రాణం. మీ మిత్రుడు తారురోడ్డు నడిచాడు, అడవిని వదిలేశాడు.

నంద్యాల సభ్యుడు:
శిఖర దర్శనం పుణ్యం సంగతి, మొక్కు మాట సంగతి, రెండూ కలపకండి. వేమారెడ్డి మెట్లు కూడా కాళ్లతో ఎక్కడానికే కట్టించాడు గదా! అయినా అడవి గురించి మీరన్నది నిజమే.

కర్నూలు సభ్యుడు:
ఇవన్నీ అతనికి చదివి వినిపించాను. వచ్చే శివరాత్రికి ఆత్మకూరులో, తాను బస్సెక్కిన చోటు నుంచే నడక మొదలుపెడతానన్నాడు. పెద్దాయన మాత్రం కర్నూలు నుంచే నడవాలని ఇంకా పట్టుబడుతున్నారు.